మోకాలి నొప్పి కాదు

తిరువొత్తియూరులో మా అన్న ఇంటి సందు మొదట్లో, కరెంటు స్తంభానికీ పక్కింటి గోడకీ కలిపి కట్టిన ఫ్లెక్సు బ్యానరు మీద మా మేనకోడలు నవ్వుతోంది. పట్టుచీర, జడ నిండా పూలు, వెనక ఎక్కడిదో జలపాతం. కింద మా అన్న పేరు, వదిన పేరు, తాతల పేర్లు, మేనమామల ఫోటోలు వరసగా. పిల్ల పెద్దమనిషైందన్న సంగతి లోకల్ రైలు దిగి వచ్చేవాళ్ళకు, చేపల బుట్టలు మోసుకుపోయేవాళ్ళకు, టీకొట్టు దగ్గర నిలబడ్డ ఫ్యాక్టరీ షిఫ్టు మనుషులకు, అందరికీ చాటేశారు. మేం తెలుగువాళ్ళమే అయినా తరాలుగా ఇక్కడే ఉన్నాం. అందుకని ఈ వేడుకను ఇక్కడి తమిళవాళ్ళలాగే మండపం బుక్ చేసి, మేళం పెట్టి, వీడియో తీయించి చేస్తాం.

ఆ బ్యానరు కింద నిలబడే మా అమ్మ గొంతు తగ్గించి నాతో చెప్పింది.

"ఎవురన్నా అడిగితే మోకాలి నొప్పికి పోతా ఉండానని చెప్పు. అదంతా చెప్పబాక."

అదంతా అంటే నేను వారం వారం వెళ్తున్న ఫిజియోథెరపీ. మొదటిసారి మా అమ్మే తోడొచ్చింది. ఆ క్లినిక్ ఒక ఎముకల ఆసుపత్రి మేడ మీద ఉంది. బయట బోర్డు మీద 'ఎముకలు, కీళ్ళు' అని చూసి మా అమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి బంధువులందరికీ నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఒక పెద్దత్త పిండి కట్టు వేయించుకోమంది, ఇంకొకామె ఆవాల నూనె సీసా పంపించింది. నా మోకాళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. నొప్పి కడుపు కింద, నేను కూర్చునే చోట, చెప్పకూడని చోట ఉంది.

సందు మొదట్లో అంత పెద్ద బ్యానరు కట్టి, దాని కిందే నిలబడి, గొంతు తగ్గించమంటోంది మా అమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు, అందుకే రాస్తున్నాను.

నాకు ఎండోమెట్రియోసిస్ ఉంది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట, అండాశయాల మీద, పేగుల పక్కన పెరుగుతుంది. నెల నెలా అదీ ఉబ్బుతుంది, మంట పెడుతుంది, పక్కనున్నవాటిని అతుక్కుంటుంది. ఈ నాలుగు ముక్కలు నాతో ఎవరైనా చెప్పేసరికి నా తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నొప్పి మాత్రం నేను లంగా ఓణీ వేసుకున్న నాటి నుంచీ ఉంది. అప్పట్లో ఒక డాక్టరు నా వంక చూడకుండా మా అమ్మతో చెప్పాడు, పెళ్ళి చేయండి, సరిపోతుందని. పెళ్ళయ్యాక ఇంకొక డాక్టరమ్మ చెప్పింది, ఒక బిడ్డ పుడితే సరిపోతుందని. బిడ్డ పుట్టలేదు. అప్పుడిక ఏం చెప్పాలో తోచక బరువు తగ్గమన్నారు.

ఇంట్లో వైద్యం వేరే. నొప్పి మొదలవగానే మా అమ్మ పాత వాయిల్ చీర చింపి నా నడుముకు బిగించి కట్టేది. కాళ్ళు దగ్గరగా పెట్టుకో, పొట్ట లోపలికి పట్టుకో, మధ్యాన్నానికి తగ్గిపోతుంది అనేది. మన ఇంటి ఆడోళ్ళు నొప్పికి అరవరు అని కూడా అనేది. వేరేవాళ్ళు పొలాల గురించి, బంగారం గురించి చెప్పుకున్నట్టు మా ఇంట్లో ఈ మాట చెప్పుకునేవాళ్ళు. నేనూ అరవలేదు. స్కూల్లో, కాలేజీలో, తర్వాత అంబత్తూరులో నేను పనిచేసే ఇంజనీరింగు యూనిట్ ఆఫీసులో, పొట్ట లోపలికి పట్టుకుని నవ్వు మొహం పెట్టడం నాకు అలవాటైపోయింది.

చివరికి ఒక పెద్దాసుపత్రిలో స్కాన్లు తీసి, చిన్న రంధ్రాల ఆపరేషన్ చేసి, పెరిగినదాన్ని తీసేశారు. నెలసరి నొప్పి చాలావరకు తగ్గింది. కానీ కూర్చుంటే నొప్పి పోలేదు. బాత్రూముకు వెళ్తే నొప్పి. భర్తతో దగ్గరగా ఉండటమంటే భయం. ఆపరేషన్ చేసిన సర్జను కొత్త స్కాన్ వెలుతురుకు పట్టి చూసి, "నేను శుభ్రంగా తీసేశాను. ఇందులో ఏమీ లేదు. టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఒంట్లో ఇంత చోటుండగా నా టెన్షన్‌కు సరిగ్గా నేను కూర్చునే చోటే దొరికిందా అని అడగాలనిపించింది. అడగలేదు, ఎందుకంటే అప్పటికే ఆయన తర్వాతి పేషెంటును పిలిచేశాడు.

ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ జాలిపడి ఫోన్లో వీడియో పంపింది. ఆడవాళ్ళ కింది కండరాలకు వ్యాయామం, బిగించి పట్టుకోవాలి, వదలాలి, మళ్ళీ బిగించాలి. నేను బస్సులో నిలబడి కూడా బిగించాను. మా ఇంట్లో ఇచ్చిన శిక్షణ ఉంది కాబట్టి బిగించడం బాగా వచ్చింది. నొప్పి రెండింతలైంది. అప్పుడు ఇంకొక డాక్టరమ్మ, అరవై దాటిన మనిషి, నా మాట మొత్తం విని, "మీకు కావలసింది కత్తి కాదు, ఫిజియో" అని ఆ ఎముకల ఆసుపత్రి మేడ మీదికి పంపింది.

అక్కడి ఫిజియో నాకన్నా చిన్నది. తమిళమ్మాయి, మాట కటువు. ఏసీ గడ్డకట్టేలా పెడుతుంది, ఎప్పుడూ ఆలస్యంగా పిలుస్తుంది. కానీ లోపలికి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి, మా అమ్మను బయట కూర్చోమని, నాతో మొదట చెప్పిన మాట ఇది. "చెయ్యి పెట్టే ముందు చెప్తాను. మీరు వద్దంటే ఆపేస్తాను. ఎందుకు వద్దో చెప్పక్కర్లేదు."

ఇన్నేళ్ళలో ఎందరో డాక్టర్లు, నర్సులు, స్కాన్ తీసేవాళ్ళు. ఒక్కరూ ఈ మాట అనలేదు. కాళ్ళు దూరం పెట్టమ్మా, ఇంకొంచెం, బిగించొద్దు, ఇదేమైనా కొత్తా నీకు అన్నవాళ్ళే.

ఆమె వెంటనే ముట్టుకోలేదు. నేను కుర్చీలో కూర్చున్న తీరు చూసింది. నా కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుని ఉన్నాయని, దవడ బిగుసుకుని ఉందని, ఒక పక్కకే బరువు వేసి కూర్చున్నానని చెప్పింది. అప్పటిదాకా నాకు తెలియదు. తర్వాత పడుకోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, పొట్ట మీద నా చెయ్యే నన్ను పెట్టుకోమని ఊపిరి పీల్చమంది. పీల్చాను. రొమ్ము లేచింది. పొట్ట కదల్లేదు.

"పొట్ట వదలండి."

"వదిలాను."

"వదల్లేదు."

వాదించాను. ఆమె పొట్ట మీద కదలని నా చేతిని చూపించింది. కాసేపటికి నాకే తెలిసొచ్చింది, వదలడమంటే ఏమిటో నాకు తెలియదని. ఏ వయసులో బిగించానో ఏమో, మళ్ళీ విప్పిందే లేదు.

ఆమె ప్లాస్టిక్ ఎముకల బొమ్మ ఒకటి తెచ్చి చూపించింది. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, చీరతో కట్టిన ఉయ్యాలలా పరుచుకుని ఉంటాయి ఆ కండరాలు. పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఊపిరి పీల్చినప్పుడు కిందికి దిగాలి, వదిలినప్పుడు పైకి రావాలి. నొప్పి వచ్చినప్పుడల్లా కాపాడుకోవడానికి అవి బిగుసుకుంటాయి. ఏళ్ళ తరబడి నెల నెలా నొప్పి వస్తే బిగుసుకునే ఉండిపోతాయి. నొప్పి పెట్టే జబ్బును కోసి తీసేసినా వాటికి ఆ సంగతి తెలియదు. "జబ్బు వేరు, ఈ బిగువు వేరు. జబ్బును నేను తీయలేను, అది మళ్ళీ రావచ్చు కూడా. ఈ బిగువు విప్పడం నేర్పిస్తాను" అంది. వీడియో సంగతి చెబితే ఆమెకు కోపం వచ్చింది. బలం లేక జారిపోయిన కండరాలకు పనికొచ్చేది, బిగుసుకుపోయినవాళ్ళు చేస్తే ఏమవుతుందో ఆ వీడియో చేసిన మనిషికి తెలియదా అని, నా చేతనే ఫోన్లోంచి తీసేయించింది.

తర్వాతి వారాల్లో, నేను సరేనన్నాక, గ్లవ్ వేసుకుని ఒక వేలితో లోపల ఆ కండరాలను మెల్లగా తడిమి చూసింది. ఒక చోట ఆపి కొంచెం నొక్కింది. అదే నొప్పి. బస్సు సీటు మీద, ఆఫీసు కుర్చీలో, పడక మీద నన్ను తరిమిన నొప్పి, సరిగ్గా అదే.

"ఇక్కడేనా?"

నేను ఏడ్చాను. నొప్పికి కాదు, అంతకన్నా ఎక్కువ నొప్పులు చూశాను. ఒక వేలి కొసకు అందేంత దగ్గరలో ఉంది అది. స్కాన్‌లో లేదు, నీ మనసులో ఉంది, నీ టెన్షన్‌లో ఉంది అని చెప్పినవాళ్ళెవరూ ఆ కాస్త దూరం చెయ్యి చాపి చూడలేదు. ఆ కోపానికి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. టిష్యూ పెట్టె నా వైపు జరిపి, ఆ చోటు వదులయ్యేదాకా వేలు అలాగే ఉంచింది.

ఇంకో రోజు, ఆఫీసులో బాత్రూముకు ఎప్పుడెప్పుడు వెళ్తారని అడిగింది. మధ్యాన్నం భోజనాల తర్వాత అన్నాను. మా యూనిట్‌లో ఆడవాళ్ళ బాత్రూముకు తాళం వేసి, తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద మేకుకు తగిలిస్తారు. బయటివాళ్ళు వాడేస్తారట. వెళ్ళాలంటే లారీ డ్రైవర్ల ముందు నడిచి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అందుకని ఆడవాళ్ళమంతా ఆపుకుని, భోజనమయ్యాక కలిసి ఒక్కసారే వెళ్ళేవాళ్ళం. అదొక మర్యాద అనుకునేవాళ్ళం కూడా. ఆమె "నేను ఇక్కడ విప్పుతాను, మీరు అక్కడ బిగించుకుని రండి" అంది. మర్నాడు నేను ఆ తాళంచెవి తీసి నా బ్యాగులో వేసుకున్నాను. మేనేజరు పిలిచి అడిగాడు. మగవాళ్ళ బాత్రూముకు తాళం వేసిన రోజు తిరిగిస్తానన్నాను. ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ తాళంచెవి మా ఆడవాళ్ళ గదిలోనే ఉంటుంది.

ఒక్కసారిగా ఏమీ నయం కాలేదు. కొన్ని వారాలు బాగుండేది, నెలసరి వస్తే మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంటి దగ్గర చేయమన్నవి చేయకపోతే ఆమె తిట్టేది. కానీ ఒక సాయంత్రం తిరువొత్తియూరు వెళ్ళే రైల్లో, ఆ గట్టి సీటు మీద, అటూ ఇటూ జరక్కుండా కూర్చుని ఉన్నానని దిగబోయే ముందు గమనించాను. దిగాక అమ్మకు చెప్పాలనుకున్నాను. సందు మొదట్లో, అప్పుడే కట్టిన బ్యానరు కింద అమ్మ నిలబడి ఉంది. అప్పుడే ఆమె గొంతు తగ్గించి మోకాలి మాట చెప్పింది.

వేడుక రోజు మండపంలో మేనత్తను కాబట్టి హారతి పళ్ళెం నా చేతికిచ్చారు. పిల్లను సింహాసనం లాంటి ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. బరువైన పట్టుచీర, తల నిండా పూలు, నడుముకు బిగించిన వడ్డాణం. ఫోటోలు తీసేవాడు తమిళంలో కేకలేస్తున్నాడు, గడ్డం పైకి, పొట్ట లోపలికి, నవ్వు. పిల్ల అన్నీ చేస్తోంది. మొహం మాత్రం పాలిపోయింది. పౌడరు అనుకుని ఉండేదాన్నేమో, కానీ బొట్టు పెట్టడానికి వంగినప్పుడు చీర అంచు కింద దాని పాదాలు కనిపించాయి. కాలివేళ్ళు పదీ ముడుచుకుని ఉన్నాయి.

"ఏమైంది పాపా?" అన్నాను చెవిలో.

"ఒన్నుమిల్ల అత్తా, ఏం లేదు."

"పీరియడ్సా?"

అది నా వెనక నిలబడ్డ మా అమ్మ వంక చూసింది. "అవ్వ చెప్పొద్దనింది."

"ఎప్పటి నించి?"

"మార్నింగ్ నించి. రొంబ పెయిన్‌గా ఉండాది అత్తా. అవ్వ పొట్ట లోపలికి పట్టుకోమనింది. పట్టుకోనే ఉండా."

మిగతాది తర్వాత తెలిసింది. పంతులు పెట్టిన ముహూర్తం పిల్ల నెలసరి తేదీకి దగ్గరగా పడింది. అందుకని మా అమ్మా వదినా మందుల షాపులో తేదీని వెనక్కి జరిపే మాత్రలు కొని దాని చేత మింగించారు. ఒళ్ళు వాళ్ళ మాట వినలేదు. ఆలోచించండి. పిల్లకు నెలసరి మొదలైనందుకు పండగ. ఆ పండగ రోజు నెలసరి రాకూడదు. వస్తే ముట్టు, హారతి పనికిరాదు, పీటలు పనికిరావు. బ్యానరు మీద ఉండొచ్చు, బట్ట మీద ఉండకూడదు.

నేను పళ్ళెం కింద పెట్టి వడ్డాణం కొక్కెం విప్పేశాను. పిల్లకు ఊపిరి వచ్చింది. ఫోటోల అతను మేడమ్, మేడమ్ అంటున్నాడు.

"ఏందే ఇది, అందరూ చూస్తా ఉండారు" అంది మా అమ్మ.

"చూడనీ. బ్యానరు కట్టింది చూడటానికే గదా."

పిల్లను పట్టుకుని మెట్లు దింపి, పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే గదిలోకి తీసుకెళ్ళాను. చాప పరిచి పడుకోబెట్టి, చీర కుచ్చిళ్ళు వదులు చేసి, కాళ్ళు ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎత్తి పెట్టాను. పక్కన కింద కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి పెడతానని చెప్పి పెట్టాను. రాయిలా ఉంది.

"వదులు పాపా."

"వదిలినా అత్తా."

"వదల్లేదు. ఏం పరవాలేదు. ఊపిరి ఈడికి రానీ, నా చేతి కాడికి."

మా అమ్మ లోపలికొచ్చి గడియ పెట్టింది. అప్పుడు నా నోరు ఆగలేదు.

"నాకు చెప్పిందే దీనికీ చెప్పినావా?"

"మా అమ్మ నాకు చెప్పింది, నేను చెప్పినా. నాకింకేం తెలుసు?"

"నీకూ ఇట్లనే నొప్పి ఉండెనా?"

ఆమె గోడకు ఆనుకుంది. "ఉండక? పొయ్యి కాడ కూర్చుంటే లేవలేకుండా ఉంటి. ఎవురికి చెప్పేది?"

"పొట్ట పట్టుకుంటే తగ్గెనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తగ్గకపోతే నాకెందుకు చెప్పినావమ్మా, తగ్గతాదని?"

బయట మేళం జోరుగా వాయిస్తున్నారు. మా అమ్మ చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. నాకు జాలి వేయలేదు. ఆమె నొప్పి నాకు తెలిసుంటే నా నొప్పి నాకు వింతగా ఉండేది కాదు, ఏదో ఒక డాక్టరు ముందు ఇద్దరం కలిసి నోరు తెరిచేవాళ్ళం. ఆమె దాచింది తన నొప్పినే కాదు, నా ఏళ్ళను కూడా.

పడుకున్న పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అత్తా, నాకూ నీ మాదిరి ఆపరేషన్ చేస్తారా?"

దానికి మోకాలి కథ ఎవరూ చెప్పలేదో, చెప్పినా నమ్మలేదో. "తెలీదు పాపా" అన్నాను. "అందరికీ అట్ల అయ్యేది లేదు. నొప్పి ఎక్కడ, ఎంత అనేది డాక్టరుకు నువ్వే చెప్పు. నేను నీ పక్కన కూర్చుంటా. పెళ్ళయితే సరిపోతాదని ఎవరన్నా అంటే లేచి వచ్చేద్దాం."

అది నవ్వబోయి నొప్పికి ఆగింది. అప్పుడే ఎవరో తలుపు కొట్టారు. పెద్దత్త గొంతు. మా అమ్మ గడియ తీసి తలుపు సగమే తెరిచి అడ్డంగా నిలబడింది.

"హారతికి టైమైపోతా ఉండాది, పిల్లను ఈడ పెట్టుకోనుండారే" అంటూ పెద్దత్త అమ్మ భుజం మీదుగా తొంగి చూసి నన్ను చూసింది. "నువ్వేందే, మోకాలి నొప్పి పెట్టుకోని కింద కూర్చున్నావు?"

నేను చెప్పడానికి సిద్ధమయ్యాను. పొద్దుటి నుంచీ, కాదు, చిన్నప్పటి నుంచీ సిద్ధంగానే ఉన్నాను. అయితే ముందు మా అమ్మ మాట్లాడింది.

"దానికి మోకాలి నొప్పి కాదు వదినా. కింద నొప్పి. చిన్నప్పటి నించీ. నేనే అట్లా చెప్పమంటి."

పెద్దత్త చూపు చాప మీదికి పోయింది. "పాపకు?" అంది.

"పాపకు ఈ పొద్దు ముట్టయింది. నొప్పి ఉండాది. పడుకోనుండాది. హారతి ఆగతాది, పోండి."

మా అమ్మ గొంతు తగ్గించలేదు. మేళాన్ని మించి వినబడేలా చెప్పింది. పెద్దత్త వెనక నిలబడ్డ వీడియో అతనితో సహా అందరూ విన్నారు. ఆమె తలుపు వేసి, మళ్ళీ గడియ పెట్టి, అక్కడే నిలబడింది.

నాకు కోపం పోలేదు. ఇంత తేలిగ్గా చెప్పగలిగిన మాటను ఇన్నేళ్ళు ఎందుకు మింగావని అడగడానికి నోరు తెరిచాను. అప్పుడు నా చేతి కింద పాప పొట్ట మెల్లగా పైకి లేచింది.